గర్వం, స్మృతి: సైనిక స్మరణ రూపాల్లో సంచారిభావాల స్థానం – చిత్తూరు సీమ నేపథ్యం

ఉపోద్ఘాతం

నాట్యశాస్త్రం పేర్కొన్న 33 వ్యభిచారిభావాల్లో గర్వం, స్మృతి రెండూ ఉన్నాయి. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఈ రెంటినీ వీరరస సంచారులుగా చెప్పాడు. కరుణరస సంచారుల్లో మాత్రం స్మృతిని చేర్చాడు కాని, గర్వాన్ని చెప్పలేదు. సైనికులనూ వారి కుటుంబాలనూ చిత్రించే రచనలను వీరరస పరిధిలో ఉంచడం విమర్శలో పరిపాటి. అయితే మరణించిన సైనికుని తలచుకొనే కుటుంబం గర్వాన్ని ప్రకటించినప్పుడు అది ఏ స్థాయీభావాన్ని పోషిస్తున్నది? ఈ ప్రశ్నను చిత్తూరు సీమ స్మరణ రూపాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పాళెం: పేరులో నిలిచిన దండు

'పాళెం' అనే మాటకు దండు విడిది అనే అర్థం ఉంది. చిత్తూరు–పలమనేరు దారిలోని బంగారుపాళ్యం పేరులో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. ఇది చిత్తూరు పాళెగాండ్ర సంస్థానాల్లో ఒకదానికి కేంద్రం. 19వ శతాబ్ది ఆరంభంలో ఈ పాళెగాండ్రు కంపెనీ ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. చరిత్ర రచనలో పాళెగాడి పేరు నిలిచింది. మాన్యం అనుభవిస్తూ అతని వెంట నడిచిన కట్టుబడి బంటు పేరు చాలావరకు నిలవలేదు. సామాన్య సైనికుని స్మృతి కోసం అంతకంటె వెనుకటి ఆధారాలను ఆశ్రయించవలసి ఉంటుంది.

వీరగల్లు: కీర్తి, జీవిక

బాణ, వైదుంబ, నొళంబ పాలకుల కాలపు వీరగల్లులకు చిత్తూరు సీమ పశ్చిమభాగం ప్రసిద్ధం. సోరెమడి యుద్ధాన్ని పేర్కొనే వీరగల్లు శాసనాలు ఒకటికంటె ఎక్కువగా లభించడం విశేషం. ఒకే యుద్ధంలో పడిన వేర్వేరు వీరులకు వేర్వేరు రాళ్లు నిలిచాయి. రాజులకు అది ఒక యుద్ధం. ఊళ్లకు మాత్రం అది ఒక్కొక్క మనిషి మరణం.

వీరగల్లు శాసన నిర్మాణం క్లుప్తం. పాలకుడు, యుద్ధం, వీరుడు, అతని మరణం, కొన్నింటిలో భూదానం, దానాన్ని హరించినవారికి శాపం. ఇందులో విశేషణాలు తక్కువ, విలాపం లేదు. ఉత్సాహాన్ని పోషించేది రాతిపై చెక్కిన ఆయుధధారి బొమ్మ. భూదాన వాక్యం చేసే పని వేరు. పొరుగున ఉన్న కన్నడ శాసన సంప్రదాయంలో ఇటువంటి దానాన్ని 'నెత్తరు కొడగె' అన్నారు. నెత్తురుకు ప్రతిగా ఇచ్చిన భూమి అని దాని భావం. ఆ భూమిని అనుభవించేది మరణించిన వీరుడు కాదు, మిగిలిన కుటుంబం. శాసనంలో వారి దుఃఖం కనిపించదు, వారి జీవిక కనిపిస్తుంది. కనుక వీరగల్లును కేవలం వీరరస ప్రతీకగా చదివితే శాసనంలో సగమే చదివినట్లవుతుంది.

కావ్యంలో గర్వం, ఉత్తరంలో అవహిత్థ

శ్రీనాథ కర్తృకంగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని తల్లి ఐతాంబ, భార్య మాంచాల ఈ ద్వంద్వానికి రెండు ముఖాలు. తల్లి యుద్ధాన్ని వారింపజూస్తుంది. భార్య యుద్ధానికి సాగనంపుతుంది. మాంచాల గర్వం వీరపత్నీ ధర్మంగా ప్రశంస పొందింది. కాని ఆ గర్వం రాబోయే వైధవ్యాన్ని ఎరిగిన గర్వం. ఆ ఎరుకను విస్మరిస్తే పాత్ర చిన్నబోతుంది.

ఆధునిక కవిత్వంలో దేవరకొండ బాలగంగాధర తిలక్ 'సైనికుడి ఉత్తరం' ఈ సమస్యను మరో కోణంలో చూపుతుంది. ఉత్తరంలో క్షేమ సమాచారం సంప్రదాయం. ఆ సంప్రదాయం చాటున భయాన్ని పలికించడం తిలక్ సాధించినది. లోపలి భావాన్ని పైకి తెలియనీయకపోవడాన్ని ఆలంకారికులు అవహిత్థ అన్నారు. సైనికుడు ఇంటికి రాసే క్షేమవాక్యమూ, ఇంటివారు ఊరికి చెప్పే గర్వవాక్యమూ ఒకే భావానికి రెండు చివరలు.

వర్తమాన స్మరణ

2020 నవంబరులో కశ్మీరులోని మాచిల్ సెక్టారులో ఐరాల మండలానికి చెందిన హవల్దార్ ప్రవీణ్‌కుమార్ రెడ్డి అమరుడయ్యాడు. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తోపాటు కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ మరణించాడు. మొదటిది యుద్ధరంగ మరణం, రెండవది విధినిర్వహణలో ప్రమాదం. బహిరంగ స్మరణ ఈ రెంటినీ ఒకే వీరభాషలో పలుకుతుంది. ఈ భాష కుటుంబానికి గౌరవాన్నిస్తుంది, అది చిన్న విషయం కాదు. కాని సభ ముగిసిన తరువాత ఇంట్లో మిగిలే స్మృతికి ఆ భాష చాలదు.

తిరిగి వచ్చిన సైనికుని స్థితి ఇంకా సూక్ష్మం. ఊరు అతణ్ణి 'మిలిటరీ ఆయన' అంటుంది. వృత్తి ముగిసినా పేరు ముగియదు. ట్రంకుపెట్టె, పతకం, దళంతో దిగిన ఛాయాచిత్రం అతని స్మృతికి ఉద్దీపనలు. అవే వస్తువులు అతనికి సహచరుని మరణాన్ని గుర్తుచేయవచ్చు, పిల్లలకు తండ్రి లేని పండుగలను గుర్తుచేయవచ్చు. ఒకే ఉద్దీపన భిన్న స్థాయులను మేల్కొలుపుతుంది.

ముగింపు

గర్వం సంచారి, స్థాయి కాదు. సైనిక కుటుంబ స్మరణలో అది స్మృతి తోడుగా ఉత్సాహం నుంచి శోకానికి సంచరిస్తుంది, శోకానికి అవహిత్థగానూ నిలుస్తుంది. కరుణరస సంచారుల్లో గర్వానికి చోటు కల్పించవలసిన అవసరాన్ని ఈ స్మరణ రూపాలు సూచిస్తున్నాయి. వీరుని పేరుతోపాటు కుటుంబ జీవికనూ రాతిపై రాయించిన సంప్రదాయం ఈ సీమది. సైనిక స్మృతులను సేకరించే పరిశోధకులు యుద్ధ వృత్తాంతంతో ఆగిపోకుండా తల్లి, భార్య, బిడ్డల మాటలనూ వారి మౌనాన్నీ నమోదు చేసినప్పుడే ఆ వీరగల్లు పాఠం పూర్తవుతుంది.