ధర్మసంస్థకు వారసు లెవరు?

విజయనగరమున పి. వి. జి. రాజుగారు తమ తండ్రిగారి పేర 1958లో స్థాపించిన మాన్సాస్ విద్యాసంస్థ యధ్యక్షపదవిని గూర్చిన వివాదము మన పాఠకు లెఱిఁగినదే. 2020 మార్చిలో ప్రభుత్వము అశోక్ గజపతిరాజుగారి స్థానమున వారి యన్నగారి కుమార్తె సంచయితగారిని నియమించెను. 2021 జూన్ 14న రాష్ట్రోన్నత న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను.

దాత చేసిన యేర్పాటును ప్రభుత్వములు తలఁచినప్పుడెల్ల మార్చుట తగదు. కావున నీ తీర్పును మేము హర్షింతుము. కాని వంశమున పెద్దయగు పురుషునికే పదవి యను వాదమును మేము మెచ్చఁజాలము. స్త్రీయగుట యనర్హత కాదు. రాజవంశమున పుట్టుట యర్హతయుఁ గాదు. దానము చేసినది విద్యార్థుల కొఱకు. లెక్కలు చూపుఁడని యడుగు హక్కు వారికిఁ గలిగిననాఁడే, ఎవరు కూర్చున్నను ఆ పీఠము న్యాయ్యమగును.