ధారావాహికలలో అజ్ఞాతవాసము: ఐశ్వర్యము, వర్గము, వాస్తవికత

టెలివిజన్ ధారావాహికలపై మన విద్వాంసులు సాధారణముగా చేయు ఆక్షేపణ ఒక్కటే: అవి వాస్తవములు కావని. వంటయింట పట్టుచీరలు, నిద్ర లేచునప్పటికే మెడనిండ నగలు, మేడలో వంపు తిరిగిన మెట్లు చూపి, నవ్వి ఊరకుందురు. ఇది విమర్శ యనిపించుకొనదు. ప్రబంధములందలి సౌధములను చూచి పెద్దనను అవాస్తవికుడని ఎవరును త్రోసివేయలేదు గదా! సిరి ఎంత యున్నదను దానికంటె, అది ఎక్కడనుండి వచ్చినది, కథలో ఏ పని చేయుచున్నది అనునది ముఖ్యము. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో ఈ కథలను పగటివేళ చూచు స్త్రీలలో అనేకులు చేతులకు విరామము లేనివారు. వారి దృష్టినుండి చూచినచో ఈ ప్రశ్న మరింత స్పష్టమగును.

ఈ ప్రక్రియ పుట్టుకయే ఇంటిపనితో ముడివడినది. అమెరికాలో 1930 దశకమున రేడియోలో పగటిపూట వచ్చిన కుటుంబ నాటకములకు సబ్బుల కంపెనీలు ధనమిచ్చినవి. 1933లో ఆరంభమైన 'మా పెర్కిన్స్' ఒక బట్టల సబ్బుపొడి ప్రచారమునకై నడచినది. 'సోప్ ఒపెరా' అను పేరు అట్లు వచ్చినదే. మన యొద్ద ఆ స్థానమును మొదట పత్రికలలోని నవల ఆక్రమించినది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగము చేసి బ్రతుకవలసిన యువతి, రాజశేఖరము శ్రీమంతుడు. ఆ నవలను స్వప్నలోకమని కొట్టివేయువారు కలరు. కాని జయంతికి జీతమెందుకు కావలెనో పాఠకురాలికి తెలియును. సులోచనారాణి రచన ఆధారముగా మంజులానాయుడు దర్శకత్వమున 'ఋతురాగాలు' 1990 దశకమున దూరదర్శన్‌లో వచ్చినది; పిదప మంజులానాయుడే జెమినిలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' నడపెను. పత్రికనుండి తెరకు వచ్చిన ఈ దారిలో క్రమముగా జారిపోయినది ఆ జీతపు లెక్కయే యని నా అభిప్రాయము.

ఇందుకు ఉదాహరణముగా మిక్కిలి ప్రసిద్ధమైన దానినే గ్రహింతము. 'కార్తీకదీపం' స్టార్ మాలో 2017 అక్టోబరునుండి 2023 జనవరివరకు 1569 భాగములుగా నడచినది. మలయాళ 'కరుత్తముత్తు'నకిది అనుసరణము. డాక్టరు కార్తీక్ సంపన్న గృహస్థుడు. నల్లని దీపను కోరి పెండ్లాడును. పిదప ఆమె శీలమును శంకించును. ఆమె గడప దాటి, బస్తీలో కూతురిని పెంచుకొనుచు, వంటచేసి బ్రతుకును. 'వంటలక్క' అను పేరు ఊరూర మారుమ్రోగినది. తెలుగు ధారావాహికలో ఒక పనిమనిషి పేరు నాయిక పేరుకంటె ఎక్కువ ప్రచారమును పొందుట చిన్న విషయము కాదు. దానిని గౌరవింపవలసినదే.

అయినను ఆ పేదరికమును పరీక్షింపుడు. అది కూలి చాలక వచ్చినది కాదు, అనుమానమువలన వచ్చినది. కనుక దానికి మందు కూలి పెరుగుట కాదు, అనుమానము తొలగుట. దీప వంట ఉపాధి కాదు, ఒక వ్రతము. ఈ కల్పన మనకు క్రొత్తది కాదు. విరాటుని వంటశాలలో వలలుడు గరిటె పట్టెను, సుధేష్ణయొద్ద ద్రౌపది మాలినియై పూలు కట్టెను, నలుడు బాహుకుడయ్యెను. వలలుని చూచునపుడు వంటవాని బ్రతుకును గూర్చి తిక్కన పాఠకుడు తలపడు. వాడు భీముడని యెఱిగి, ముసుగెపుడు తొలగునాయని వేచియుండును. ధారావాహికలలోని దారిద్ర్యము ఇట్టి అజ్ఞాతవాసమే. అందు దుఃఖము కలదు, వర్గము లేదు. నాయిక మరల మేడకు పోయిన పిదప బస్తీలో మిగిలిన ఇరుగుపొరుగు స్త్రీల గతి యేమి? వారు ఎవరి అజ్ఞాతవాసములోను లేరు. వారు నిజముగా అక్కడివారు. కథ వారిని సాక్షులుగా వాడుకొని విడుచును.

ఇక చూచువారి సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో ఇంటింట బీడీలు చుట్టు స్త్రీలు కలరు. తునికాకును రేకు అచ్చునకు సరిగా కత్తెరతో కోసి, జర్దా పోసి, చుట్టి, దారము కట్టవలెను; కూలి వేయింటి లెక్క. చూపు ఒడిలోని చాటపై, చెవి తెరపై. ఒకే ముఖమును మూడుమార్లు చూపుట, ఉరుము వంటి వాద్యధ్వని, నిన్నటి సంగతిని నేడు మరల చెప్పుట మనకు దోషములుగా తోచును. తలయెత్తక పని చేయువారికి అవియే ఉపకారకములు. ఈ మాట మన విమర్శలో ఎవరైన ముందే చెప్పవలసి యుండెను.

'డాలస్' అను అమెరికన్ ధారావాహికను చూచినవారి లేఖలను పరిశీలించి, ఐయెన్ ఆంగ్ 1980 దశకమున ఒక సమాధానము చెప్పెను: నూనెబావుల కోటీశ్వరుల కథ బాహ్యముగా అవాస్తవమైనను, ప్రేక్షకులకు అందలి భావములు వాస్తవములు. ఇది కొంతవరకు అంగీకార్యము. దీప పడిన నింద సిరిసిల్ల ఇల్లాలికి పరాయిది కాదు. కాని భావము గాలిలో పుట్టదు. అత్తాకోడండ్ర కలహమునకు ఇచ్చట కారణములు వేరు. బీడీల పని వచ్చుటయే పెండ్లిమాటలలో ఒక అర్హతగా లెక్కకు వచ్చిన ప్రాంతమిది. మగడు దుబాయికి పోయిన ఇంట అప్పునకు వడ్డీ కట్టునది ఆమెయే. ధనమును తీసివేసి భావమునే మిగిల్చినచో, ఆ భావమునకు కారణము దుష్టస్వభావ మొక్కటే యగును. అందుకే ప్రతి ధారావాహికకును ఒక విషకన్య కావలసివచ్చుచున్నది.

దీర్ఘకథలో కూలి లెక్కలు ఇముడవను వాదము నిలువదు. ఇంగ్లండులో 1960 డిసెంబరున మొదలైన 'కోరొనేషన్ స్ట్రీట్' శ్రామికుల వీథిని ఆశ్రయించి నేటికిని నడచుచున్నది. మన నేలలో అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలలో పాలు, కూలి, బొగ్గుబావి పని కథను నడపును. 2023లో వేణు ఎల్దండి 'బలగం' సిరిసిల్ల పల్లెలలోనే చిత్రితమైనది. అందు మనుమడు అప్పులు తీర్చుటకై కట్నమును ఆశించుట, ఇంట చావు పడి నిశ్చితార్థమునకు విఘ్నము కలుగుట కథకు బీజములు. అందు ఏడిపించునది కూడ భావమే. కాని దాని వెనుక ఒక బాకీ యున్నది. ఆ చిత్రమును పల్లెల నడిబొడ్డున తెర కట్టి జనులు సామూహికముగా చూచిరి. అది వాస్తవికతకు విసుగుచెందు ప్రజల లక్షణము కాదు.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట పని కలదు. వారు పట్టుచీరల పట్టిక మాని, ఒక ధారావాహికను నెలదినములు చూచి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి ఎంత సొమ్ము మారినదో, ఏ పనికి మారినదో వ్రాసికొనవలెను. కథనే కోరువారికి అదియును కరవు లేదు. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు 2015లో ఇచ్చుట ప్రారంభించిన పింఛనునకు 2014 ఫిబ్రవరి 28 నాటికి భవిష్యనిధిలో పేరుండవలెనని నియమము పెట్టిరి. ఒక పుస్తకముపై ఇంటిలోని ఇద్దరు ముగ్గురు చుట్టుట కలదు. పుస్తకము అత్తపేర, చుట్టినది కోడలు. పింఛను వచ్చినది ఒకరికే.