అట్ట మీద నాలుగో గడి

మా చిన్నమావయ్య కువైట్ నుంచి పంపిన క్యాసెట్ ఒకటి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. సోనీ హెచ్ఎఫ్ 90. 1990 వేసవిలో, నేను పదో తరగతి పరీక్షలు రాసి ఊరి మీద తిరుగుతున్న రోజుల్లో, సెలవుకి ఊరొస్తున్న వాళ్లెవరి చేతికో ఇచ్చి పంపాడు. ఎ వైపు పది పాటలు, బి వైపు తొమ్మిది. ఇన్నేళ్లుగా వింటున్నాను, ఆ పాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా విన్నప్పుడల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోతాను, ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఆయన వేసిన అతుకు దగ్గర.

నచ్చిన పాటలు ఏరి ఒక టేపులో ఎక్కించుకోవడం అప్పట్లో అందరూ చేసినదే. మా కోనసీమలో కాస్త పెద్ద ఊరైతే చాలు, సెంటర్లో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. నోట్సు కాయితం మీద జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ డబ్బులూ ఎక్కింపు కూలీ కట్టేస్తే రెండ్రోజుల్లో చేతికొచ్చేది. షాపతను జాబితా ఎలా ఉంటే అలా దింపేసేవాడు. ఒక పాట గొణుగుతుంది, తర్వాతది అరుస్తుంది. వైపు అయిపోతే చరణం మధ్యలో టక్కున తెగుతుంది, మిగతా సగం వెనక వైపు మొదలవుతుంది. కూలి పని కూలి పనే, తప్పు పట్టక్కర్లేదు. మావయ్య మాత్రం దాన్ని నగ చేసినట్టు చేశాడు.

ముందు అట్ట సంగతి. ప్లాస్టిక్ పెట్టెలో మడిచి పెట్టే ఆ చిన్న అట్ట మీద స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీశాడు. మొదటి గడిలో వరస సంఖ్య, రెండో దాంట్లో సినిమా పేరో బ్యాండు పేరో, మూడో దాంట్లో నిమిషాలూ సెకన్లూ. నాలుగో గడిలో ఎర్ర సిరాతో ఒక్కొక్క మాట: ‘గోవా’, ‘త్రిశూర్’, ‘పై మంచం’, ‘డ్రైవరు గారు’, ‘నాది’, ఇలా. ఆ పాట ఎవరి దగ్గర దొరికిందో అన్నమాట. ఆరుగురుండే గది వాళ్లది. రాత్రి భోజనాలయ్యాక ఒకటే ప్రశ్నట: “నీ దగ్గరేముంది, పెట్టు విందాం.” గోవా ఆయనకి బీటిల్స్ అంటే ప్రాణం. త్రిశూర్ ఆయన బోనీ ఎమ్ మనిషి. బోనీ ఎమ్‌లో ఎగిరి గంతులేసే బాబీ ఫారెల్‌ది అసలు గొంతే కాదనీ, స్టూడియోలో పాడేది ఆ బ్యాండుని తయారుచేసిన ఫ్రాంక్ ఫారియనేననీ గోవా ఆయన దెప్పేవాడట. దెప్పినా నిజమే. అయినా బోనీ ఎమ్ పాట మావయ్య క్యాసెట్‌లోకి ఎక్కింది. గదిలో ఒక్కడిని కూడా వదల్లేదు ఆయన.

ఇక లెక్క. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. 45 నిమిషాల వైపు అంటే దాదాపు 128 మీటర్ల టేపు. వెడల్పు చూస్తే 3.81 మిల్లీమీటర్లే. అందులోనే సగం ఎ వైపుకి, సగం బి వైపుకి. ఈ కొలతలు 1963లో ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్ బయటికి తెచ్చిన నాటి నుంచి మారలేదు. తొంభై నిమిషాల టేపు అరవై నిమిషాల దానికన్నా పల్చన, నూట ఇరవైది మరీ ఉల్లిపొర. అందుకే నూట ఇరవై జోలికి ఎవరూ పోయేవారు కాదు, పోయినవాళ్లు రీలు రోలరుకి చుట్టుకుపోతే పీక్కుంటూ కూర్చునేవారు. మావయ్య తొంభైతో సరిపెట్టుకుని, వాచీ పెట్టుకుని ఒక్కో పాట నిడివి తీశాడు. పాత పాటలు ఆయనకి బాగా అక్కరకొచ్చాయి. 78 ఆర్పీఎమ్ రికార్డు ఒక పక్కన మూడు, మూడున్నర నిమిషాల కంటే పట్టదు కాబట్టి, ‘మిస్సమ్మ’ కాలం పాట ఆ కొలతలోనే ఒదిగి ఉంటుంది. ఎనభైల పాట నాలుగున్నర, అయిదు నిమిషాలు నడుస్తుంది. చిల్లర కావాలంటే పాతవి, నోట్లు కావాలంటే కొత్తవి.

ఎ వైపు తొమ్మిది పాటలూ, మధ్య ఖాళీలూ కలిపి 44 నిమిషాల 25 సెకన్లని అట్ట వెనక పెన్సిల్‌తో కూడి ఉంది. మిగిలింది 35 సెకన్లు. ఇంకెవరైనా అయితే ఖాళీగా వదిలేస్తారు. ఆయన వదల్లేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

టేపు మొదట్లో కొన్ని సెకన్ల పాటు పూత లేని ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాని మీద శబ్దం ఎక్కదు. తెలియనివాళ్లు బటన్ నొక్కగానే పాట వదిలితే పల్లవిలో మొదటి మాట గాల్లో కలిసిపోతుంది. మావయ్య నటరాజ్ పెన్సిల్ దూర్చి, గోధుమ రంగు టేపు కిటికీలో కనపడే దాకా తిప్పి, అప్పుడు మొదలుపెట్టేవాడు. పాటకీ పాటకీ మధ్య స్టాప్ నొక్కేవాడు కాదు, పాజ్ నొక్కేవాడు. స్టాప్ నొక్కితే టేపు మీద ‘టుక్’ మని ఒక మచ్చ పడుతుంది. రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్‌లో రెండింతల వేగంతో కాపీ చేసే బటన్ ఉన్నా దాని జోలికి పోలేదు. అలా చేస్తే పైస్థాయి శబ్దాలు, తాళాల మెరుపు లాంటివి, మొద్దుబారతాయని ఆయన పట్టుదల. అంటే తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలూ పక్కన కూర్చోవాల్సిందే. రోజంతా సైటులో ఎండలో నిలబడి వచ్చిన మనిషి.

అన్నిటికన్నా కష్టమైంది శబ్దం మట్టం సరిచూడటం. ‘మిస్సమ్మ’లో ఏ.ఎం. రాజా, పి. లీల పాడిన చందమామ పాట మావయ్యకి కాపీకి కాపీగా దొరికింది. గొంతులు సన్నగా, వెనక బుస శబ్దం ఎక్కువగా. దాని తర్వాత వచ్చేది 1989 నాటి ‘గీతాంజలి’, కొత్త క్యాసెట్ నుంచి నేరుగా ఎక్కించింది. రెండింటినీ ఒకే మట్టంలో ఎక్కిస్తే, వినేవాడు లేచి వాల్యూమ్ తగ్గించుకోవాలి. లేచాడంటే పాటలోంచి బయటికొచ్చినట్టే. మావయ్య పాతదాన్ని రికార్డింగ్ నాబ్‌తో పెంచాడు, అయితే బుస మరీ పైకి రాకుండా. పాట ముగియడానికి కొన్ని సెకన్ల ముందు నాబ్ మెల్లిగా దించుకుంటూ వచ్చాడు. చెవి పెట్టి వింటే తెలుస్తుంది, రాజా గొంతుతో పాటే ఆ బుస కూడా వెళ్లిపోతుంది. ఆ తర్వాత మిగిలే నిశ్శబ్దం పరిశుభ్రంగా ఉంటుంది. అందులోంచి ‘గీతాంజలి’తో ఇళయరాజా వస్తాడు.

ఆ ఖాళీలు కూడా అన్నీ ఒక కొలతవి కావు. కంపెనీ క్యాసెట్లలో పాటల మధ్య విరామం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇక్కడ విషాదం పాట తర్వాత ఆరు సెకన్లు వదిలాడు, హుషారు పాట తర్వాత ఒకటిన్నరే. నాకు బాగా ఇష్టమైన అతుకు ఎ వైపు ఆరో పాటకీ ఏడో పాటకీ మధ్యది. ఆరోది ‘గీతాంజలి’ పాట. ఏడోది ఆబా వాళ్ల ‘డాన్సింగ్ క్వీన్’, 1976ది. నాలుగో గడిలో ‘పై మంచం’. ఆ పాట పియానో మెట్ల మీద వేలు జర్రున జారినట్టు మొదలవుతుంది. జారీ జారగానే చరణం ఎత్తుకోదు, పల్లవి సగంలోకి దూకుతుంది. వినేవాడికి ఏదో విందు మధ్యలోకి తలుపు తోసుకుని వెళ్లినట్టుంటుంది. మావయ్య ఇక్కడ ఖాళీయే వదల్లేదు. ఇళయరాజా తీగల మోత ఆఖరు తునక గాల్లో ఉండగానే పియానో జారుతుంది. ఒక క్షణం పాటు రెండూ ఒకే పాట అనిపిస్తాయి. ఆలోచిస్తే చుట్టరికం లేకపోలేదు. రెండింట్లోనూ వయొలిన్ల గుంపు పైన ఎగురుతుంటే కింద బేస్ గిటార్ దారి చూపుతుంటుంది. ఆబా పాటల్లో ఆడగొంతులు అంత నిండుగా వినపడటానికి వాళ్ల ఇంజినీరు మైకేల్ ట్రెటో ఒక కిటుకు చేసేవాడు. పాడిందే మళ్లీ పాడించి, రెండోసారి టేపు వేగం కొద్దిగా మార్చి, ఒకదాని మీద ఒకటి పరిచేవాడు. స్వీడన్‌లో అంత పెద్ద స్టూడియోలో ఆయన టేపు వేగంతో చేసింది, కువైట్‌లో ఇనప మంచం మీద మా మావయ్య పాజ్ బటన్‌తో చేశాడని అంటే అతిశయోక్తే. అయినా అంటాను.

ఇక ఆ 35 సెకన్లు. గోవా ఆయన దగ్గర బీటిల్స్ 1969 నాటి ‘ఆబీ రోడ్’ క్యాసెట్ ఉంది. దాని చిట్టచివర ‘హర్ మెజెస్టీ’ అని 23 సెకన్ల పాట. దానికో కథ ఉంది. మొదట అది ఆ ఆల్బమ్‌లో వరసగా అతికిన పాటల మధ్యలో ఉండేది. అక్కడ కుదరలేదని పాల్ మెకార్ట్నీ తీసేయమన్నాడు. ఏదీ పారేయకూడదని స్టూడియోలో కట్టడి ఉండటంతో, కుర్ర ఇంజినీరు జాన్ కుర్లాండర్ కత్తిరించిన ఆ ముక్కని రీలు చివర కొంత ఖాళీ టేపు వదిలి అతికించాడు. అది విని మెకార్ట్నీ అలాగే ఉండనిమ్మన్నాడు. ఆల్బమ్ మొదట వచ్చినప్పుడు అట్ట మీద ఆ పాట పేరే లేదు. కత్తిరించినప్పుడు ముందు పాట చివరి మోత ఒకటి దీని నెత్తికి అంటుకుని వచ్చింది, దీని చివరి స్వరం అక్కడే ఉండిపోయింది. అందుకే ధన్‌మని మొదలై, ముగియకుండానే ఆగిపోతుంది.

మావయ్య దీన్ని ఎ వైపు ఆఖర్న పెట్టాడు. మూడు సెకన్ల ఖాళీ, 23 సెకన్ల పాట, ఆ తర్వాత తొమ్మిది సెకన్లకి టేపు అయిపోయి బటన్ పైకి ఎగురుతుంది. మొదటిసారి విన్నప్పుడు “మావయ్య లెక్క తప్పాడు, పాట తెగింది” అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత అసలు ఆల్బమ్ విన్నాక నవ్వొచ్చింది. వెళ్లి అడిగితే, “ఒరేయ్ అబ్బాయ్, తెగిన పాట ఎక్కడ పెట్టాలో నాకు తెలీదా?” అన్నాడు.

బి వైపు గురించి ఎక్కువ చెప్పను, ఎ వైపంత బిగువు లేదు. పొడవైన భక్తి పాట ఒకటి నడుమ పడింది, అది అమ్మమ్మ కోసమని నాకు తెలుసు. కానీ మొదటి పాట ఎంపిక చూడండి. వినేవాడు లేచి, క్యాసెట్ తిరగేసి, మళ్లీ వచ్చి కూర్చోవాలి కదా. అందుకని నిమిషం దాకా గొంతు రాని, వాద్యాలతోనే సాగే పాటతో మొదలుపెట్టాడు. కూర్చునే వేళకి పల్లవి అందుకుంటుంది.

పాతబడ్డ టేపులో ఇంకో చిత్రం జరుగుతుంది. చుట్ట మీద చుట్టగా ఏళ్ల తరబడి ఉండటంతో ఒక పొర మీది గట్టి శబ్దం పక్క పొరకి లీలగా అంటుకుంటుంది. పాట మొదలవడానికి క్షణం ముందు దాని నీడ వినపడుతుంది. ఇప్పుడు ఈ క్యాసెట్‌లో ఆరు సెకన్ల ఖాళీల్లో కూడా తర్వాతి పాట దూరం నుంచి పిలుస్తూ ఉంటుంది. ఇది మావయ్య చేసింది కాదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ తర్వాతి నెలల్లో లక్షకు పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. వాళ్లలో మావయ్యా ఒకడు. ఒక్క సంచితో వచ్చాడు. డబుల్ డెక్, మిగతా క్యాసెట్లు అన్నీ ఆ గదిలోనే. గోవా ఆయన, త్రిశూర్ ఆయన, పై మంచం మనిషి ఎక్కడెక్కడికి చేరారో ఆయనకి తెలీలేదు. మళ్లీ కలవలేదు. ముందే ఊరు చేరిన ఈ ఒక్క క్యాసెట్ మీదే ఆ ఆరుగురూ ఒకచోట ఉన్నారు, నాలుగో గడిలో, ఎర్ర సిరాతో.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి క్యాసెట్లు ఉంటే, ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వినండి. హెడ్డుకి టేపుని ఆనించే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే పారేయకండి, మరలు విప్పి రీళ్లు ఇంకో పెట్టెలోకి మార్చుకోవచ్చు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాటలు విడివిడిగా ముక్కలు చెయ్యకండి, వైపు మొత్తం ఒకటిగా ఎక్కించండి. అట్టని కూడా రెండు పక్కలా ఫోటో తీసి ఉంచండి.