గ్లాసులో టీ, ఆంజనేలు చూపు

పద్యనాటకాల కరపత్రాలు చూసి పెరిగినవాళ్లకు ‘ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు’ కొత్త కాదు. ‘హరిశ్చంద్ర’లో ముందు అంకాలకు ఒక నటుడు, కాటిసీనుకు ఇంకొకడు. గొంతు మారుతుంది, ఎత్తు మారుతుంది, రాజు మాత్రం ఆ రాజే. అలాంటి జనానికి ముగ్గురు అమృతాలొక లెక్కా? 2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలైన గుణ్ణం గంగరాజు హాస్య సీరియల్ ‘అమృతం’ 2007 దాకా 313 భాగాలు నడిచింది. ఆలోగా కథానాయకుడు అమృతరావు శివాజీరాజా నుంచి నరేశ్‌గా, నరేశ్ నుంచి హర్షవర్ధన్‌గా మారిపోయాడు. ఇంతకంటే పెద్ద కంటిన్యుటీ తప్పు ఉంటుందా? అయినా హాయిగా నవ్వుకున్నాం.

అదే జనం టీగ్లాసును మాత్రం వదలరు. సబ్బవరం జంక్షన్‌లో టీకొట్టు దగ్గర ఫోన్లో పాత ఎపిసోడ్ నడుస్తుంటే చూడాలి. ‘ఓర్నాయనో, గలాసు సూడ్రా! తాగితే తగ్గాలి గానీ పెరుగుతాదేట్రా?’ ఆ అరుపులో కోపం లేదు, దొంగను పట్టిన సంబరం ఉంది. పదోసారి చూసేవాడికే దక్కే సంబరం అది. మొదటిసారి చూసేవాడి కళ్లు కథ మీదే ఉంటాయి.

గ్లాసు ఎందుకు నిండుతుందంటే, ఒకే కెమెరాతో తీసేటప్పుడు ముందు అందరూ కనబడే షాటు, తర్వాత లైట్లు మార్చి క్లోజప్పు. మధ్యలో టీ చల్లారుతుంది, మళ్లీ పోస్తారు. అసిస్టెంట్ డైరెక్టర్ రాసుకున్నా ఏదో ఒకటి జారిపోతుంది. ఎడిటింగు బల్ల మీద గ్లాసు సరిపోయిన టేకు ఒకటి, నవ్వు పండిన టేకు ఇంకొకటి ఉంటే, తెలివైన ఎడిటర్ రెండోదే తీసుకుంటాడు. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ కట్‌కు వేసిన తూకంలో భావానికి 51 శాతం, స్థలపు కంటిన్యుటీకి 4 శాతం. రసభంగానికి అనౌచిత్యమే కారణమన్న ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కూడా గ్లాసును క్షమించేవాడే.

మరి ముగ్గురు అమృతాలను ఒక్కడిగా కుట్టిన దారం ఏది? అమృతం స్నేహితుడు ఆంజనేలుగా వేసిన గుండు హనుమంతరావు. కొంప ముంచే ఐడియా అమృతం నోట్లోంచి ఊడిపడగానే ఆంజనేలు ఒక్క క్షణం మాట్లాడడు. మెడ కాస్త వెనక్కి, కళ్లు కాస్త పెద్దవి. వద్దురా అని తెలుసు, వెళ్లక తప్పదనీ తెలుసు. రెండూ ఒక్క చూపులోనే! ఎదుట ఏ నటుడు నిలబడ్డా ఆ చూపు పడగానే వాడు అమృతం అయిపోయేవాడు. తెలుగు టీవీ హాస్యంలో ఇంత పొదుపైన అభినయం నేను మరొకటి చూడలేదు.

హనుమంతరావు 2018లో పోయారు. 2020లో జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది, ఆంజనేలుగా ఎల్బీ శ్రీరామ్. ఆయన మంచి నటుడు, అందులో అనుమానం లేదు. కానీ అమృతం ఎన్నిసార్లు మారినా పట్టించుకోని నాకు, ఆంజనేలు మారగానే తేడా కొట్టింది.