ఆజ్ఞ నడిమి విరామం

ప్లటూన్ కవాతులో చూపరుల కంటికి ముందుగా ఆనేది ఒక్కుమ్మడిగా కదిలే కాళ్లూ చేతులే గాని, ఆ ఏకత్వం పుట్టేది కాళ్లలో కాదు, ఆజ్ఞలోని రెండు భాగాల నడుమ ప్లటూన్ అంతా కలిసి నిలిచే లిప్తపాటు నిరీక్షణలో. భారత సైన్యంలోనూ ఎన్‌సీసీలోనూ డ్రిల్లు ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. ‘దాహినే ముడ్’ అన్నప్పుడు ‘దాహినే’ అనేది ఏ వైపు తిరగాలో ముందుగా తెలిపే హెచ్చరిక భాగం, ‘ముడ్’ అనేది తిరగమనే ఆచరణ భాగం. మొదటిదాన్ని సాగదీసి, రెండోదాన్ని తెగ్గొట్టినట్టు పలుకుతారు. ఆ నడిమి వ్యవధిలో ఏం చేయాలో అందరికీ తెలిసి ఉంటుంది, అయినా ఎవరూ కదలకూడదు. తొందరపాటు గలవాడు అక్కడే పట్టుబడతాడు.

ఈ కట్టుబాటు యుద్ధ అవసరం నుంచి వచ్చింది. 16వ శతాబ్దం చివర డచ్ సేనాని మారిస్ ఆఫ్ నాసౌ తుపాకీ నింపి పేల్చే పనిని విడివిడి కదలికలుగా విభజించి, ఒక్కోదానికి ఒక్కో ఆజ్ఞ నిర్ణయించాడు. 1607లో వెలువడిన యాకోబ్ ద గెయ్న్ చిత్రాల గ్రంథం వాటిని 40కి పైగా భంగిమలుగా చూపింది. గురి కుదరని, నింపడానికి ఎంతో సేపు పట్టే ఆనాటి తుపాకులు అందరూ కలిసి పేల్చినప్పుడే ఫలించేవి. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఈ శిక్షణను దక్షిణాది సిపాయిలకు నేర్పింది. వారిలోని తెలుగువారి మూలంగానే బెంగాల్‌లో సిపాయిలను ‘తిలంగా’లని పిలిచే వాడుక ఏర్పడింది.

నేటి యుద్ధభూమిలో వరుసకట్టి నిలవడమంటే శత్రువు గురికి ఎదురు నిలవడమే. అయినా డ్రిల్లు మిగిలిందంటే, దాని ప్రయోజనం ఆయుధంతో తీరిపోలేదన్నమాట. అమెరికన్ చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1995 నాటి గ్రంథంలో, కలిసి అడుగులు వేయడం మనుషుల మధ్య లోతైన బంధాన్ని కలిగిస్తుందని వాదించాడు. ఆ వాదన సబబే గాని, డ్రిల్లు నియమాలను పరిశీలిస్తే, ఆ బంధం ఎవరికి వారు తమను కొంత తగ్గించుకోవడం వల్ల ఏర్పడుతుందని కూడా చెప్పవలసి వస్తుంది.

‘తేజ్ చల్’ అనే వేగ నడకలో నిమిషానికి 120 అడుగులు, ఒక్కో అడుగు 30 అంగుళాలు, పొడుగువాడు తన అంగను కుదించుకోవాలి, పొట్టివాడు చాచుకోవాలి. ‘కద్‌వార్’ అంటే ఎత్తు ప్రకారం అమర్చడం; ఆ అమరికలో పొడుగువారు రెండు కొసలకూ, పొట్టివారు నడుమకూ చేరతారు. సంఖ్య మూడు వరుసలకు సరిపోనప్పుడు ఏర్పడే ఖాళీని కొసన కనిపించనివ్వక లోపలి ఫైలులో ఉంచుతారు. ఫైలు అంటే ఒకరి వెనుక ఒకరుగా నిలిచినవారు. గౌరవ వందనం స్వీకరించే అధికారి ముందు నుంచి సాగేటప్పుడు ‘దాహినే దేఖ్’ అనగానే అందరి తలలూ కుడివైపు తిరుగుతాయి గాని, కుడి అంచున నడిచేవారు మాత్రం ఎదురుగానే చూస్తారు. దిశ తప్పకుండా కాపాడే బాధ్యత వారిది కనుక, అందరికీ దక్కిన ఆ చూపును వారు వదులుకుంటారు.

ఈ నిగ్రహం ఆజ్ఞ ఇచ్చేవారికీ తప్పదు. నడకలో ఆగమని చెప్పే ‘థమ్’ అనే మాట ఏ కాలు నేలకు చేరే వేళ పలకాలో నియమం ఉంది. అడుగు తప్పి పలికితే ఎంత నేర్పున్న ప్లటూన్ అయినా తడబడుతుంది. హెచ్చరికను మింగేసి ఆచరణకు తొందరపడే గొంతు, ఎదుటివారికి సిద్ధమయ్యే వ్యవధి ఇవ్వదు. అందుకే శిక్షణలో కేడెట్లను వంతులవారీగా ముందు నిలబెట్టి ఆజ్ఞలు ఇప్పిస్తారు. వరుస చెదిరినప్పుడు తప్పు కాళ్లలో వెతకడం వాడుకే గాని, మంచి శిక్షకుడు మొదట పరీక్షించేది ఆజ్ఞ ఇచ్చిన గొంతునే.