ముత్తుకూరు నూనె, ఇంటర్ కెమిస్ట్రీ

ఇంటర్ రెండో ఏడాది పిల్లలను హడలెత్తించే పాఠం ఆల్డిహైడ్లు, కీటోన్లు, కార్బాక్సిలిక్ ఆమ్లాలది. రోజెన్‌మండ్, స్టీఫెన్, ఈటార్డ్ అంటూ తయారీ పద్ధతుల పేర్లే బోలెడు. బట్టీ పట్టించేవారు ఉన్నంతమంది, ఆ పదార్థాలు ఎక్కడ దొరుకుతాయో చూపించేవారు ఉండరు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో అవి ట్యాంకర్లలో తిరుగుతుంటాయి. కృష్ణపట్నం రేవులో దిగిన ముడి వంటనూనెను శుద్ధిచేసే ఫ్యాక్టరీలు పంటపాళెం దగ్గర ఉన్నాయి.

నూనె ఒక ఎస్టర్: ఒక్క గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు ముడిపడి ఉంటాయి. పామాయిల్ గెల కోసేటప్పుడు కాయ నలిగితే చాలు, గుజ్జులోని లైపేజ్ ఎంజైమ్ ఆ ముడి విప్పేస్తుంది. విడిపడేది కార్బాక్సిలిక్ ఆమ్లమే, ముఖ్యంగా పదహారు కార్బన్ల పామిటిక్ ఆమ్లం. అందుకే ఏలూరు వైపు తోటల్లో కోసిన గెలలను త్వరగా మిల్లుకు చేర్చి, ముందు ఆవిరి పట్టిస్తారు. ఆ వేడికి ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. అయినా ముడి పామాయిల్‌లో మామూలుగా 3 నుంచి 5 శాతం ఆమ్లం మిగులుతుంది. దాన్ని కొలిచే పద్ధతి మరీ కొత్తదేం కాదు: బ్యూరెట్, క్షారం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్.

ఈ ఆమ్లాన్ని తీసేయడంలోనే రిఫైనరీ పనితనం తెలుస్తుంది. పాత పద్ధతిలో కాస్టిక్ సోడా కలిపితే ఆమ్లం సబ్బుగా మారి అడుగుకు దిగుతుంది, కానీ దాంతోపాటు మంచి నూనె కూడా కొంత పోతుంది. పామాయిల్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడేది మరో దారి. నూనెను దాదాపు 250 డిగ్రీలకు వేడిచేసి, గాలి తీసేసిన పాత్రలో నీటి ఆవిరి పంపుతారు. ఒత్తిడి అంత తక్కువైతే ఆమ్లం ఆ వేడికే ఆవిరై బయటికొస్తుంది, నూనె మాత్రం నిలుస్తుంది. చల్లార్చి పట్టిన ఆమ్లం సబ్బు పరిశ్రమకు ముడిసరుకు. కొవ్వులో దాగినవి ఆమ్లాలేనని తేల్చింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త షెవ్రోల్. 1823లో ఆయన పుస్తకం వచ్చేనాటికి మనుషులు వేల ఏళ్లుగా సబ్బు వండుతూనే ఉన్నారు!

అదే ఆవిరి ఆల్డిహైడ్లనూ ఊడ్చేస్తుంది. సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువగా ఉండే లినోలియిక్ ఆమ్లానికి గాలిలోని ఆక్సిజన్ తోడైతే హైడ్రోపెరాక్సైడ్ పుడుతుంది, అది విరిగితే హెక్సనాల్ అనే ఆల్డిహైడ్ వస్తుంది. పాత నూనె వాసనలో దానిది పెద్ద వాటా. ఆల్డిహైడ్ అక్కడితో ఆగదు, ఇంకా ఆక్సీకరణ జరిగితే ఆమ్లమవుతుంది. ల్యాబులో ఆల్కహాల్‌ను డైక్రోమేట్‌తో ఆక్సీకరిస్తూ, పుట్టిన ఆల్డిహైడ్‌ను వెంటనే స్వేదనం చేసి తీసేయమనేది ఇందుకే.

కీటోన్ల సంగతి కొబ్బరి చెబుతుంది. పుస్తకంలో కాల్షియం అసిటేట్‌ను పొడిగా బాగా వేడిచేస్తే అసిటోన్ వస్తుంది. తడి ఆరని కొబ్బరిపై పెరిగే బూజు, కొవ్వు ఆమ్లాల్లోంచి ఒక కార్బన్ తెంచి మామూలు వేడిలోనే మిథైల్ కీటోన్లు చేసేస్తుంది. అవే కీటోన్లు ఫ్రాన్స్‌లో నీలి చీజ్‌కు గిరాకీ తెచ్చే వాసన, మన ఇంట్లో కొబ్బరిని పారేయించే వాసన. నూనె ఆడించే కొబ్బరిని తేమ సుమారు 6 శాతానికి దిగేదాకా ఎండబెట్టేది ఈ బూజు పట్టకుండా ఉండేందుకే.