కపటద్యూతంలో కపటం ఎక్కడ ఉంది? : తానికాయ నుండి ఎముక పాచిక వరకు

తెలుగులో ఒకరి పన్నాగం ఫలిస్తే 'పాచిక పారింది' అంటారు. ఆట వస్తువు పేరు తంత్రానికి మారుపేరైంది. ఈ పలుకుబడి వినగానే తెలుగువారికి శకుని గుర్తుకు వస్తాడు. తండ్రి సుబలుని ఎముకలతో చేసిన పాచికలను అతని చేతిలో ఊహించుకోవడం పరిపాటి. అయితే ఆ ఎముకల కథ వ్యాసభారతంలో లేదు. నన్నయ సభాపర్వంలోనూ లేదు. మూలంలో లేని ఈ కల్పన ద్యూతఘట్టపు అర్థాన్ని ఏ విధంగా మార్చిందో, దానివల్ల ఏ ప్రశ్న మరుగున పడిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

జూదంలో అసత్యం రెండు విధాలు. మొదటిది బుకాయింపు. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా పెరూ, చిలీ దేశాలలో ఆడే 'దూదో' ఇందుకు ఉదాహరణ. ప్రతి ఆటగాడూ తన అయిదు పాచికలను గిన్నె కింద దాచి, అందరి పాచికలలో కలిపి ఫలానా అంకె ఇన్నిసార్లు ఉందని చెబుతాడు. తర్వాతివాడు ఆ మాటను మించి చెప్పాలి, లేదా సందేహించాలి. స్పానిష్ భాషలో 'దూదో' అంటే 'సందేహిస్తున్నాను' అని అర్థం. ఇక్కడ అబద్ధమాడడమూ నియమమే, దాన్ని నిలదీయడమూ నియమమే. రెండవది కపటం. నియమాన్ని పాటిస్తున్నట్లు కనిపిస్తూనే దాన్ని ఉల్లంఘించడం దీని స్వభావం. సభాపర్వంలో శకుని వాదం ఈ రెండింటి మధ్య ఉన్న గీతను చెరిపివేస్తుంది.

ఆ వాదం అర్థం కావాలంటే ప్రాచీన ద్యూతరూపం తెలియాలి. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం అక్షసూక్తంగా ప్రసిద్ధం. అందులోని అక్షాలు విభీదక ఫలాలు, అంటే త్రిఫలాలలో ఒకటైన తానికాయలు. ఆలిని, ఆస్తిని పోగొట్టుకున్న జూదరి పశ్చాత్తాపం ఆ సూక్తానికి వస్తువు. జూదం మాని పొలం దున్నుకొమ్మన్న హితవు కూడా అందులో ఉంది. జర్మన్ పండితుడు హైన్రిఖ్ ల్యూడర్స్ 1907లో ప్రకటించిన పరిశోధనలో ఈ ఆటను గణన ఆధారంగా వివరించాడు. కాయల సంఖ్యను నాలుగుతో భాగించినప్పుడు శేషం లేకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపరం, ఒకటి మిగిలితే కలి. యుగాల పేర్లు కూడా ఇవే కావడం గమనార్హం. ఇటువంటి ఆటలో గెలుపు వస్తువు మహిమ మీద కాక, కంటితో క్షణంలో లెక్కించగల నేర్పు మీద ఆధారపడుతుంది.

అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విషయాన్నే కథగా చెబుతుంది. ఋతుపర్ణుడు దారిలో కనిపించిన తానిచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కగట్టాడు. నలుడు చెట్టును కూల్చి లెక్కించి, ఆ సంఖ్య సరైనదేనని తెలుసుకున్నాడు. అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయాన్ని పొందాడు. అది పొందిన వెంటనే కలి అతనిని విడిచి తానిచెట్టును ఆశ్రయించాడు. జూదంలో ఓడించే కలి నుండి విడుదల గణనజ్ఞానం వల్ల లభించింది. ఈ కథను ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వుడు చివర అతనికీ అక్షహృదయాన్ని ఉపదేశించాడు. ధర్మరాజు ఓటమికి మూలం పాచికల మాయ అయితే ఈ ఉపదేశానికి అర్థమే ఉండదు.

సభాపర్వ సంవాదం ఈ నేపథ్యంలో స్పష్టమవుతుంది. కపటద్యూతం పాపమని, అందులో క్షాత్రపరాక్రమం లేదని ధర్మరాజు ముందే అన్నాడు. సంఖ్యను అనుసరించగలవాడు, కపటపు పద్ధతులు తెలిసినవాడు జూదంలో దేనికైనా తట్టుకోగలడని శకుని బదులిచ్చాడు. పండితుడు పామరుణ్ణి జయించడమూ కపటమే అయినా లోకం దాన్ని కపటమనదని వాదించాడు. భయమైతే ఆట మానుకొమ్మన్నాడు. నేర్పునూ వంచననూ ఒకే గాటన కట్టడం ఈ వాదంలోని బలం. ధర్మరాజు దాన్ని ఖండించలేదు. పిలిస్తే వెనుదీయనన్న తన వ్రతాన్నే చెప్పుకున్నాడు. దుర్యోధనుని పందేనికి శకుని ఆడడం సరికాదన్నాడు, అయినా ఆడాడు. సందేహం పలికినవాడే సందేహించే హక్కును వదులుకున్నాడు.

ద్రౌపది ప్రశ్నకు భీష్ముడు చెప్పిన సమాధానం ఇక్కడ కీలకం. జూదంలో శకునికి సాటి లేడని, అయితే ధర్మరాజు దాన్ని కపటంగా భావించడం లేదు కనుక తాను ప్రశ్నకు నిర్ణయం చెప్పలేనని అతడన్నాడు. కపటం ఉన్నదా లేదా అన్నది ఓడినవాడి నోటితో ముడిపడింది. ఓడినవాడు మౌనం వహించాడు. ఆ మౌనానికి కారణం అరణ్యపర్వంలో అతని నోటనే వెలువడుతుంది. దుర్యోధనుని రాజ్యాన్ని హరించాలన్న కోరికతోనే తాను పాచికలు పట్టానని భీమునితో ఒప్పుకున్నాడు. సరి, బేసి సంఖ్యలు శకుని కోరినట్లే పడడం చూసి మనసును నిగ్రహించుకోగలిగేవాడినే గాని, కోపం ధైర్యాన్ని హరించిందని చెప్పాడు. అన్నీ తెలిసిన తరువాత అనుద్యూతానికి మళ్లీ వెళ్లినవాడూ అతడే.

కపటాన్ని వస్తువులో వెదకే దృష్టి పరిపాలనాశాస్త్రంలో కనిపిస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్యూతాధ్యక్షుడు ఒకే చోట జూదం ఆడించాలని, మరోచోట ఆడినవారికి 12 పణాల దండన విధించాలని చెబుతుంది. పాచికలను మార్చినవారికీ అంతే దండన. గెలిచిన సొమ్ములో నూటికి 5 అధ్యక్షుడు తీసుకోవాలి. రాజ్యం తనిఖీ చేయగలిగింది పాచికను. ఆటగాడి మనసును కాదు.

ఎముక పాచికల కథ కూడా కపటాన్ని వస్తువులోకే మార్చింది, కాని భిన్న ప్రయోజనంతో. చెరలో మరణించిన తండ్రి ఎముకలు కొడుకు ఆజ్ఞకు లోబడతాయి. ఈ కల్పన శకునికి పగను, పగకు న్యాయాన్ని సమకూర్చింది. 'శ్రీకృష్ణ పాండవీయం' (1966) వంటి చిత్రాల ద్వారా తెలుగు ప్రేక్షకులకు అది మరింత చేరువైంది. అంతకుముందే 'మాయాబజార్' (1957) చిత్రం దీనికి జంటగా నిలిచే కల్పన చేసింది. అందులో శకుని సత్యపీఠం ఎక్కగానే తన కుట్రను తానే బయటపెడతాడు. ఒకచోట అబద్ధం పాచికలో ఉంది, మరొకచోట నిజం పీఠంలో ఉంది. రెండుచోట్లా మనిషి మాటకు బాధ్యత వస్తువు వహించింది.

ఎముకల కథకు సాహిత్యపరమైన విలువ లేదనడం సరికాదు. మూలంలో దుర్యోధనుని పక్షాన ఆడే జూదరిగా కనిపించిన శకునికి అది ఒక విషాదగాథను ఇచ్చింది. అయితే దానికి చెల్లించిన మూల్యం పెద్దది. పాచికలు మంత్రించినవైతే ఎవరు ఆడినా ఓడేవారే. అప్పుడు ధర్మరాజు దోషి కాడు, బాధితుడు మాత్రమే. భీష్ముని సంకోచానికి కారణం ఉండదు. తన్ను తాను ఓడినవాడికి తనను పణంగా పెట్టే అధికారం ఉందా అన్న ద్రౌపది ప్రశ్న సైతం మంత్రజాలం ముందు పక్కకు తప్పుకుంటుంది. వ్యాసుడు కపటాన్ని చూపింది ఎముకలో కాదు. మోసమని తెలిసీ గెలుపు ఆశతో కూర్చున్నవాడిలోను, తెలిసీ నోరు విప్పని సభలోను చూపాడు. సందేహిస్తున్నానని చెప్పవలసిన ఆటగాడు చెప్పని చోట, ఆ మాట ఓడిపోయిన పందెం నోట వెలువడింది.